గిన్నె ఉప్పు వదిలేదాకా

మే నెల మొదటి వారంలో ఒక రోజు, పొద్దున్న కుళాయిలో నీళ్లొచ్చే వేళకి, ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసేరు. "ల్యాబ్ బాబాయి పోయేరే" అన్నారు. అటు ఆయన ముక్కు చీదుకోవడం వినబడుతోంది, ఇటు మా వంటింట్లో బకెట్టు నిండి పొర్లిపోతోంది.

సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు. "అయ్యో, ఇవాళ గిన్నె నీళ్లు మార్చలేదే!" అనిపించింది. నిండు మనిషి పోయేడంటే గిన్నె గురించి ఆలోచిస్తుందేటీ ఈవిడ అని మీరు అనుకోవచ్చు. అనుకోండి. ఆ గిన్నె సంగతి మొత్తం విన్నాక కూడా అలాగే అనిపిస్తే అప్పుడు తిట్టండి, పడతాను.

ఆయన మాకు చుట్టం కాదు. భిలాయి సెక్టర్ 7లో మా పక్క క్వార్టరు, మధ్యన నడుమెత్తు గోడ. స్టీలు ప్లాంటు ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యేరు కాబట్టి మా తెలుగువాళ్లందరం ల్యాబ్ బాబాయి అనేవాళ్లం. హిందీవాళ్లు అది విని, బాబాయి అంటే పేరనుకుని, చివర ఒక 'జీ' తగిలించి "బాబాయీ జీ ఘర్ పే హై క్యా?" అని, ఇంట్లో ఉన్నారేమో అడిగేవారు. ఆయన ఎవరినీ సరిదిద్దలేదు. "అందరికీ బాబాయినే అయితే తప్పేటమ్మా" అనేవారు.

ఉద్యోగం అంతా ఇటికలతోనే గడిచింది ఆయనకి. కొలిమి లోపల వరసగా పేర్చే ఇటికలు ఉంటాయి కదా, వాటిని కరిగిన ఇనుము మీద తేలే చిట్టెం కొంచెం కొంచెంగా తినేస్తుంది. వాడేసిన ఇటికని ల్యాబ్‌కి తెచ్చి, నిలువునా కోసి, ఎంత మేర తినేసింది, ఏ వైపు నుంచి తినేసింది అని చూడటం ఆయన పని. ముప్పై ఆరేళ్లు అదే చూసేరట. ఒకసారి నేను "విసుగు రాలేదా బాబాయ్?" అంటే, "ఏ రెండు ఇటికలూ ఒక్కలాగ చావవమ్మా" అన్నారు. ఆ మాటకి నవ్వాలో భయపడాలో నాకు తెలియలేదు.

నాకూ ఆయనకీ పరిచయం గొడవతో మొదలైంది. సెక్టర్ 2 మార్కెట్‌లో నాకు పింగాణీ సామాన్ల కొట్టు ఉంది. కప్పులు, సాసర్లు, ప్లేట్లు, ఊరగాయ జాడీలు. కొట్టు కొత్తగా పెట్టిన రోజులు. మామిడికాయల కాలం. ఒకావిడ మూరెడెత్తు జాడీ ఒకటి నచ్చి, పేక్ చెయ్యమంటోంది. అప్పుడొచ్చేరు ఈయన, టీ కప్పు కోసం. జేబులోంచి చిన్న భూతద్దం తీసి, ఎవరూ అడక్కుండానే జాడీ మీదకి వంగి, "ఇది వద్దమ్మా. దీని మెరుగు చిట్లిపోయుంది. ఆవకాయ పెడితే అడుగున ఉప్పు పూస్తాది" అన్నారు. ఆవిడ జాడీ దింపేసి, దీదీ మళ్లీ వస్తాను అంటూ వెళ్లిపోయింది. మళ్లీ వస్తానన్నవాళ్లు ఎవరొచ్చేరు గనక!

నాకు ఒళ్లు మండింది. "ఏటండీ, మీరు కొనరు, కొనేవాళ్లని కొననివ్వరు? మా కొట్టు మూయించమని ఎవరైనా పంపేరా మిమ్మల్ని?" అనేసేను. ఆయన కోప్పడలేదు. "ఉప్పునీళ్లు పోసి ఒక మూల పెట్టి చూడమ్మా" అని, ఒక కప్పు కొనుక్కుని వెళ్లిపోయేరు.

ఆయన మాట అబద్ధం చేద్దామనే పోసేను. మూడు వారాలకి జాడీ బయట, అడుగు చుట్టూ, మంచులాగ తెల్లగా పూసింది. ఒక్క చుక్క కారలేదు, చిల్లు లేదు, అయినా ఉప్పు బయటికి వచ్చేసింది! ఆ జాడీ చంకనెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లేను. చెప్పేనా అంటారని ఎదురుచూసేను. అనలేదు. భూతద్దం నా చేతికిచ్చి, "చూడు" అన్నారు.

అప్పుడు చూసేను. నునుపుగా కనబడే ఆ మెరుగు మీద, ఎండాకాలం చెరువు అడుగులాగ, సన్నటి నెర్రెలు. "మెరుగంటే గాజేనమ్మా," అన్నారు. "రాతి పొడి, సున్నం, బూడిద కలిపి మట్టి మీద పూసి కాలిస్తే కరిగి గాజు అవుతాది. కింద మట్టిది ఒక స్వభావం, పైన గాజుది ఒక స్వభావం. చల్లారినప్పుడు ఇద్దరికీ కుదరకపోతే గాజు చిట్లుతాది. ఆ సందుల్లోంచి ఉప్పు దూరుతాది." ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నేను భూతద్దం పెట్టి చూడని జాడీ మా కొట్టు దాటలేదు. దుర్గ్ నుంచి కూడా వస్తారు జాడీల కోసం. గొప్పలు చెప్పుకోవడం కాదు, మా జాడీ అడుగు చెమ్మగిల్లితే తెచ్చి నా మొహాన కొట్టండి.

ఇంక గిన్నె సంగతి. మూడేళ్ల కిందట బాబాయి అక్కగారు భీమిలి దగ్గర పల్లె నుంచి ఇక్కడికి వచ్చేసేరు. ఆయన అప్ప అని పిలిచేవారు కాబట్టి మా క్వార్టర్ల లైనంతా అప్ప అనే పిలుస్తాం. ఎనభై దాటిన మనిషి, పిడికెడు పీచు ఒళ్లు, గొంతు మాత్రం సముద్రం మీద పడవని పిలిచేటంత గొంతు. వాళ్ల నాన్న సముద్రం మీద చేపల వేటకెళ్లేవారు. ఆయన ఒక ఏడు వేటకెళ్లి తిరిగి రాలేదు. అప్పటికి బాబాయికి నాలుగేళ్లు. అప్పే చేపలమ్మి పెంచింది, చదివించింది. పిన్ని, అంటే బాబాయి భార్య, పోయేక, అటు అప్పకీ ఎవరూ లేక, "ఇద్దరు ముసిలోళ్లం రెండు పొయ్యిలెందుకురా" అని ఆవిడే బయల్దేరి వచ్చేసింది.

తెచ్చుకున్నది ఒక ట్రంకుపెట్టె. అందులో పాత చీరలో చుట్టి, ఈ గిన్నె. వాళ్ల నాన్న పోయిన ఏడే ఆయన వలలో పడిందట. చేపలకి బదులు ఇదొచ్చిందని ఆయన నవ్వుతూ కూతురి చేతిలో పెట్టేడట. అప్ప దగ్గర ఆయన వస్తువంటూ ఉన్నది అదొక్కటే. అలాంటిదాన్ని ఏం చేసిందనుకున్నారు? అరవై డెబ్బై ఏళ్లు అందులో కల్లుప్పు పోసుకుంది! "సముద్రంలోంచొచ్చినదాన్లో సముద్రం ఉప్పేసుకున్నాను, తప్పేటే?" అంది నాతో. తప్పని నేనెక్కడ అనగలను.

రెండు చేతుల్లో ఇమిడే గిన్నె. లోపల నీలంగా ఒక చేప, దాని చుట్టూ నాచు తీగలు. సగం గిన్నె నిన్న కొన్నట్టు మెరుస్తుంది. మిగతా సగం పాత స్కూటరు హెడ్‌లైటులాగ మసకబారిపోయి ఉంది. అంచు మీద తుప్పు చారలు, అడుగున గవ్వలు అంటిపెట్టుకున్న గుండ్రటి మచ్చలు. పాత చైనా సరుకని, ఏ ఓడతోనో మునిగి ఉంటుందని, ఫోటో చూసిన మ్యూజియం పెద్దమనిషి ఎవరో బాబాయికి చెప్పేరు. చెప్పి ఊరుకోలేదు. "మెరుగు పోయింది కదండీ, ఇంక చూడ్డానికేముంది" అన్నారట. బాబాయి ఫోన్ పెట్టేసి రెండు రోజులు గొణుక్కున్నారు. "ఎలా పోయిందో అడగలేదు చూడమ్మా ఆయన! అడగనే లేదు!"

వచ్చిన మొదటి ఎండాకాలమే ఆ గిన్నె పెచ్చులూడటం మొదలెట్టింది. పొద్దున్న లేచేసరికి అలమర మీద గోరంత గాజు పొర, దాని కింద పిండిలాగ తెల్లటి పొడి. అప్ప లబలబలాడింది. "మా ఊళ్లో ఇన్నేళ్లు ఏటీ అవనిది, ఇక్కడికొచ్చేక సర్మం వలుసుకుంటంది. దీనికి మీ బిలాయి పడలేదురా!" అంది. బాబాయి ముందు పకపకా నవ్వేరు. తర్వాత నవ్వు ఆపేసి, కుర్చీలో కూలబడి, చాలాసేపు ఆ పొర వైపే చూసేరు. "అప్ప నూటికి నూరుపాళ్లు నిజం చెప్పింది. దీనికి భిలాయి పడలేదు" అన్నారు.

ఆ సాయంత్రం వరండాలో కూర్చోబెట్టి నాకూ అప్పకీ చెప్పేరు. ఆయన చెప్పినట్టే చెప్తాను, తప్పుంటే నాది.

సముద్రం గాజుని తింటుంది. కొలిమిలో చిట్టెం వేడివేడిగా గబగబా తింటే, సముద్రం చల్లగా, తీరుబడిగా తింటుంది. గాజులో అన్నీ ఒకేసారి కదలవు. పెళ్లింట్లో ముందు దూరపు చుట్టాలు వెళ్లిపోతారే, అలాగ సోడా, పొటాషు, సున్నం లాంటివి ముందు నీళ్లలోకి జారుకుంటాయి. వాటి చోట్లో నీరు చేరుతుంది. ఇంటివాళ్లలాంటి ఇసక భాగం చాన్నాళ్లు పట్టుకుని ఉంటుంది, కానీ నీరు చుట్టూ చేరేక అదీ వదులవుతుంది. కాల్చినప్పుడు గాజులో చిక్కుకున్న గాలి బుడగలు ఉంటాయి. పైపొర అరిగేసరికి అవి నోరు తెరుచుకుని గుంటలవుతాయి. వెలుగు పడితే ఆ గుంటల్లో చెదిరిపోయి మసకగా కనబడుతుంది. పక్కన ఏ మేకో లంగరో ఉంటే దాని తుప్పు ఆ సందుల్లోకి దిగుతుంది.

"మరైతే ఈ సగం ఎందుకు మెరుస్తంది?" అంది అప్ప, వేలితో తట్టి.

"ఆ సగం బురదలో కూరుకుపోయుంటాదప్పా. బయటున్న సగాన్ని ఇసక రాసింది, గవ్వలు పట్టేయి, నీరు కడిగింది. బురదలో ఉన్నది బతికిపోయింది."

"మరి సేప?"

"చేపని మట్టి మీద గీసి, దాని మీద మెరుగు పూసేరు. పైన పూసినది సముద్రం తిన్నాది. కింద గీసినది మనకి మిగిలింది."

అప్పకి ఆ మాట ఎంత నచ్చిందో! వచ్చినవాళ్లందరికీ గిన్నె చూపించి అదే చెప్పేది. హిందీవాళ్లకి కూడా తెలుగులోనే చెప్పేది. వాళ్లూ బుర్రూపేవారు.

అసలు ప్రమాదం సముద్రంలో లేదని అప్పుడే తెలిసింది నాకు. నీళ్లలో ఉన్నన్నాళ్లూ ఆ గుంటల్లోకి, సందుల్లోకి ఉప్పు దిగుతూనే ఉంటుంది, కానీ కరిగి ఉంటుంది కాబట్టి ఊరుకుంటుంది. ఒడ్డుకొచ్చి ఆరిందా, ఆ ఉప్పు గడ్డకట్టి ఉబ్బి, గాజు పొరని లోపల్నుంచి నెట్టేస్తుంది. భీమిలి గాలికి ఎప్పుడూ తేమే, ఉప్పు పూర్తిగా ఆరదు. పైగా అప్ప ఉప్పు పోస్తూ దాన్ని ఇంకా మేపింది. మన భిలాయి మే నెల సంగతి చెప్పాలా? వడియాలు ఒక పూటలో గలగలమంటాయి. వానాకాలం కరగడం, ఎండాకాలం గడ్డకట్టడం, ఏటేటా ఒక పొర ఊడటం. ఇలా అయితే కొన్నేళ్లకి చేప కూడా మిగలదన్నారు బాబాయి.

అప్ప మొహం మాడిపోయింది. "నాన్నదిరా" అంది.

"పోయింది తేలేనప్పా. ఉన్నది ఊడకుండా చూస్తాను" అన్నారాయన. పెద్ద మాటలు ఆయన నోట ఎప్పుడూ రావు. ఆ మాటే నాకు ఇప్పటికీ పెద్ద మాటలాగ వినబడుతుంది.

ఎలా చెయ్యాలో చదువుకోడానికి, మరీ ఎండలో గిన్నెని ముట్టుకోకుండా ఉండటానికి, కొంత కాలం పట్టింది. కిందటేడు దసరా వెళ్లేక మొదలెట్టేరు. వెనక వరండాలో నీడన ఒక మూతున్న టబ్బు, టబ్బులో అడుగున మెత్తటి గుడ్డ, గుడ్డ మీద గిన్నె, గిన్నె మునిగేదాకా నీళ్లు. ఉప్పు నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లు పారబోసి కొత్తవి పొయ్యాలి. మొదట కుళాయి నీళ్లే. తర్వాత తర్వాత ఏ ఉప్పూ లేని నీళ్లు కావాలన్నారు. చలికాలం ఇన్వర్టరు బ్యాటరీల్లో పోసే నీళ్లు తెచ్చేరు. మార్చి వచ్చి ఏసీలు మొదలయ్యేసరికి ఆయన పంట పండింది. లైనంతా తిరిగి ఏసీ గొట్టాల కింద బకెట్లు పెట్టేరు. "భయ్యా, యే పానీ ఫేంక్‌నా మత్" అని, ఆ నీళ్లు పారబొయ్యొద్దని, ప్రతి గుమ్మం దగ్గరా చెప్పడమే. మూడో క్వార్టరు భాభీ, పాపం ముసలాయనకి నీళ్లు రావట్లేదనుకుని, పెద్ద కేనుతో తాగేనీళ్లు పంపించింది! ఆయన థాంక్స్ చెప్పి తాగేరు.

వారానికోసారి పరీక్ష. టబ్బులో నీళ్లు చిన్న గ్లాసులోకి తీసి, గోధుమరంగు సీసాలోంచి ఒక మందు చుక్క వేసేవారు. ఉప్పుంటే నీళ్లు పాలు కలిసినట్టు తెల్లబడతాయి. ఎంత తెల్లబడితే అంత ఉప్పు. రాసుకోవడం బదులు వంటింటి కేలండరు మీద ఆ తేదీ గడిలో పెన్సిలుతో చిన్న మబ్బు గీసేవారు. ఉప్పు ఎక్కువుంటే మబ్బు నల్లగా నింపేవారు, తగ్గితే పల్చగా.

"సేపనైనా నాను ఇన్ని నీళ్లు మార్సలేదురా," అనేది అప్ప. "ఉప్పుసేప మూడు నీళ్లకి సప్పబడతాది."

"అది నాలుగు రోజులు ఉప్పు తిన్నాదప్పా. ఇది కొన్ని వందల ఏళ్లు తిన్నాది. తొందరపడితే పెచ్చులే మిగుల్తాయి."

తొందరపడితే పెచ్చులే అన్న మాట మా లైనులో సామెత అయిపోయింది. గేసు బండి కోసం గేటు దగ్గర తోసుకునేవాళ్లతో కూడా అదే అనేవాళ్లం.

ఏప్రిల్ ఆఖరికి మబ్బు అద్దం మీద ఊపిరంత పల్చన అయింది. ఇంకొక నెల అన్నారు. ఆ వారమే గుండెలో నొప్పని ఆసుపత్రిలో చేరేరు. రెండు రోజులూ సాయంత్రం చూడ్డానికి వెళ్తే ఆయన అడిగింది ఒకటే, "నీళ్లు మార్చేవామ్మా?" మార్చేను బాబాయ్ అన్నాను. నిజంగానే మార్చేను. మూడో రోజు పొద్దున్నే ఆ ఫోను వచ్చింది.

నేను నేరుగా ఆసుపత్రికి పరిగెత్తేను. రాయపూర్ నుంచి బాబాయి కొడుకూ కోడలూ వచ్చేరు. ఎనిమిదింటికి ఇంటికి తెచ్చేం, పదిన్నరకి మగవాళ్లు తీసుకెళ్లిపోయేరు. ఇంటి నిండా ఆడవాళ్లం. కాళ్లు కడుక్కుందామని వెనక్కి వెళ్లేను. వెళ్లి, అక్కడే నిలబడిపోయేను.

మా వైపు ఆనవాయితీ మీకూ తెలిసే ఉంటుంది. ఇంట్లో మనిషి పోతే నిలవ నీళ్లు ఉంచకూడదు, మైల. బిందెలు, బకెట్లు, గ్లాసులు, అన్నీ ఒలకబోసి, తోమి, ఎండలో బోర్లిస్తారు. అలాగే చేసేరు. చప్టా మీద ఎండలో స్టీలు సామానంతా బోర్లించి ఉంది. ఆ గ్లాసుల మధ్య, గిన్నె. టబ్బు గోడకి చేరేసి ఉంది, ఎండిపోయి.

గిన్నె ఎత్తితే చెయ్యి చురుక్కుమంది. అడుగు చుట్టూ తెల్లగా పూసేసింది. మసకగా ఉన్న వైపు చింతగింజంత పొర ఒకటి ఊడి సిమెంటు మీద పడి ఉంది. ఇంకొకటి అంచు లేచి, గాలి తగిలితే ఊడేటట్టుంది.

"ఎవరు పారబోసేరీ నీళ్లు?" అని అరిచేను. ఆ ఇంట్లో, ఆ రోజు, అలా అరవకూడదు. అరిచేను.

అప్ప వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "నానే" అంది.

"ఏడు నెలలు మార్చేరు ఆయన నీళ్లు! ఆయన ఇంట్లోంచి కదిలి గంటైనా కాలేదు, ఆయన చేసినదంతా మీ చేత్తోనే పాడుచేసేసేరు!"

నోట్లోంచి మాట బయటపడ్డాక తెలిసింది ఎంత మాటన్నానో. అప్ప గుమ్మంలోనే చతికిలబడింది. నా చేతిలోని గిన్నె వైపు చూసి, "నిలవ నీళ్లని ఒంపేసినానే. అవి ఆడి నీళ్లని మర్సిపోనాను" అంది. పొద్దుట్నుంచీ గొంతెత్తి ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. గుండెలు బాదుకుని, "నాన్నదీ పోనాది, తమ్ముడిదీ పోనాది, రెండూ నా సేత్తోనే పారబోసినాను" అని ఏడ్చింది. నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

గిన్నెని వెంటనే నీళ్లలో పెట్టాలి. పెడదామంటే, పదకొండో రోజు దాకా ఇంట్లో నీళ్లు నిలవుంచకూడదని పెద్దవాళ్లు ఇద్దరు అడ్డొచ్చేరు. మా ఇంటికి తీసుకెళ్తానంటే మైలింటి సామాను గోడ దాటకూడదన్నారు. నేను మళ్లీ నోరు చేసుకోబోతున్నాను. అంతలో అప్ప కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. లేచి, వచ్చి, కుళాయి తిప్పింది.

"పట్టు" అంది నాతో.

"నిలవ నీళ్లు..." అన్నారొకరు.

"పారే నీళ్లకి మైలేటి?"

నా బుద్ధి చూడండి, నోరు ఊరుకోలేదు. "పైన ట్యాంకులోవి మాత్రం నిలవ నీళ్లు కావా అప్పా?" అనేసేను.

"అవి కంపెనీ నీళ్లే! కంపెనీ నీళ్లకి మైలేటే!" అంది అప్ప. ఏడుస్తున్నవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వి నోటికి కొంగడ్డం పెట్టుకున్నారు. ఇంక ఎవరూ అడ్డం చెప్పలేదు. సన్నటి ధార కింద గిన్నెని పట్టుకుని నేను నిలబడ్డాను, నా మోచెయ్యి కింద ఆవిడ చెయ్యి ఆసరా. ఇటు నీళ్లు కారుతున్నాయి, అటు శ్మశానం చెరువు దగ్గర నుంచి మగవాళ్లు ఇంకా రాలేదు.

ఆ పదకొండు రోజులూ అప్ప ఆ కుళాయి దగ్గరే. టబ్బులో పెట్టడానికి దారి ఆవిడే కనిపెట్టింది. రోజుకి ఆరుసార్లు మార్చేది. "మార్సిన నీళ్లు నిలవ నీళ్లెలాగవుతాయి?" అని ఆవిడ లెక్క. మూడో రోజున పక్కన కూర్చుని, "అప్పా, ఆ రోజు నోరు జారేను. క్షమించండి" అన్నాను. ఆవిడ నీళ్లు వొంపుతూనే, "తిట్టినావు గనకే లేసినాను. లేపోతే ఆ గుమ్మంలోనే ఉండిపోదును" అంది. ఆ మాటకి నాకు ఊరట కలిగిందని చెప్పలేను. ఇప్పటికీ పూర్తిగా కలగలేదు.

పెద్దదినం అయ్యేక కొడుకు రాయపూర్ వచ్చెయ్యమన్నాడు. మంచివాడే, ప్రేమగానే అడిగేడు. "గిన్నె ఆరేదాకా రాను. ఆరేక చూద్దాం" అంది. అతనూ పట్టుబట్టలేదు.

మందు సీసాలో నాలుగు వేళ్ల ఎత్తు మిగిలి ఉంది. చుక్క వెయ్యడం నా పని. మొదటి పరీక్షకి నీళ్లు చిక్కటి పాలయ్యేయి. ఏడు నెలల్లో దిగిన ఉప్పు కాదిది, ఎండకి లోపల్నుంచి పైకి పొంగిన ఉప్పు. మళ్లీ మొదటికొచ్చినట్టే. అక్షరం ముక్క రాని అప్ప కేలండరు దగ్గరికి వెళ్లి, పెన్సిలు పిడికిట పట్టుకుని, ఆ గడిలో ఒక మబ్బు గీసింది. తమ్ముడి మబ్బులు చిన్నవి, ముద్దుగా ఉండేవి. ఈవిడ మబ్బు పక్క మూడు గళ్లలోకి పాకింది.

లైనంతా ఏసీ నీళ్లు తెచ్చి ఇచ్చేరు. బాబాయీ జీ పని అంటూ అడక్కుండానే తెచ్చేవారు. వానలొచ్చేయి, డాబా మీంచి వాననీళ్లు పట్టేం. మబ్బు పల్చబడుతూ వచ్చింది. వినాయక చవితి దాటిన వారం చుక్క వేస్తే నీళ్లు నీళ్లలాగే ఉండిపోయేయి. నమ్మకం లేక మళ్లీ వేసేను. వరసగా మూడు వారాలు చూసేను. అప్ప ఆ మూడు గళ్లూ ఖాళీగా వదిలేసింది.

ఆరబెట్టడం కూడా ఒక పూట పని కాదు. ఒకేసారి ఆరనీకు అని బాబాయి నాకు ముందే చెప్పి ఉన్నారు. తడిగుడ్డ చుట్టి, మూతున్న డబ్బాలో పెట్టి, రోజుకి కాస్త కాస్త మూత జరిపేం. ఊడిపోయిన ఆ పొరని, లేచిన ఆ అంచుని మళ్లీ అతికించగలిగేవాళ్లు ఎక్కడో ఉంటారట. మాకు చేతకాదు, చెయ్యలేదు. పోయింది పోయింది.

మొన్న గురువారం పొద్దున్న గుడ్డ విప్పేం. పూర్తిగా ఆరిపోయి ఇరవై రోజులైంది, ఆరేక ఉప్పు పూస్తుందేమో చూడాలని అన్నాళ్లూ ఆగేం. వరండాలో వెలుగు బాగుంది. నేను భూతద్దం పెట్టి అంచు నుంచి అడుగు దాకా చూసేను. కొత్త నెర్రె లేదు, పూత లేదు, లేచిన ఆ అంచు కూడా అలాగే నిలబడి ఉంది. "బాగుందప్పా. ఎక్కడా లేదు" అన్నాను.

అప్పకి నా భూతద్దం మీద నమ్మకం లేదు. గిన్నె ఒళ్లో పెట్టుకుని బోర్లించింది. చూపుడువేలితో అడుగంచు చుట్టూ మెల్లగా రాసింది, ఒక చుట్టు, రెండో చుట్టు. ఆ వేలు నాలిక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. కూరలో ఉప్పు చూసినట్టు కొంచెంసేపు చప్పరించింది.

కళ్లు తెరిచి, బాబాయి పడుకునే లోపలి గదికేసి తిరిగి, ఆ సముద్రం గొంతు పెట్టి ఒక్క కేక వేసింది.

"ఒరే తమ్ముడా! సప్పగైపోనాదిరోయ్!"

వేలు ఇంకా పెదవి మీదే ఉంది. మెడ కాస్త ముందుకి చాచి, చెవి అటు పెట్టి, జవాబు కోసం చూస్తోంది. నేనూ ఆ గుమ్మం వైపే చూసేను.